రెండు బటన్లు, రెండు పార్టీలు: క్రాస్ ఓటింగ్ మీద అపోహలు – వాస్తవాలు

1999 నుంచి 2019 దాకా ఐదు సార్వత్రిక ఎన్నికల్లో డ్యూటీ చేశాను. మొదట్లో ఓపీఓని (ఇతర పోలింగ్ అధికారి), తర్వాత ఏపీఓని (సహాయ ప్రిసైడింగ్ అధికారి), చివరి రెండుసార్లు పీఓని (బూత్‌కు పెద్ద, ప్రిసైడింగ్ అధికారి). 2021లో హైస్కూలు టీచరుగా రిటైరయ్యాను. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ నాది పోస్టల్ బ్యాలెట్టే. అందుకే 2024 మే 13న, ఎన్నో ఏళ్ల తర్వాత, అందరితోపాటు మా ఊరి బూత్‌లో లైన్లో నిలబడి ఓటేశాను. ఎమ్మెల్యే ఓటు ఒక పార్టీకి, ఎంపీ ఓటు ఇంకో పార్టీకి. దీన్నే క్రాస్ ఓటింగ్ అంటారు.

ఈ ముక్క మా చుట్టాల ముందు నోరుజారి చెప్పాను. "గోడ మీద పిల్లి" అన్నారు. "రెండు ఓట్లూ పాడుచేసుకున్నావు" అన్నారు. మా మరిదిగారైతే "ఇంతకీ ఎవరెంత ఇచ్చారు వదినా?" అని నవ్వుతూనే అడిగారు. బల్లకు ఇవతల కూర్చున్నన్నాళ్లు కూడా ఇవే మాటలు వేరే నోళ్లలో విన్నాను. ఉద్యోగంలో ఉండగా మాట్లాడకూడదు. ఇప్పుడు పర్లేదు కాబట్టి రాస్తున్నా.

అపోహ: రెండు మెషీన్లలోనూ ఒకే గుర్తు నొక్కాలి, లేకపోతే ఓటు చెల్లదు

నవ్వకండి. 2014లో నా బూత్‌కు వచ్చిన ఓ పెద్దావిడ మొదటి కంపార్ట్‌మెంట్ దగ్గర ఆగిపోయి, "టీచరమ్మా, ఇక్కడ నొక్కిన బొమ్మే అక్కడా నొక్కాలంటగా? లేకపోతే రెండూ కొట్టేస్తారంట!" అని గట్టిగా అడిగింది. ఏజెంట్లందరి చూపూ నా మీదే. ఏ బొమ్మ పేరూ ఎత్తకుండా జవాబు చెప్పాలి. "ఇది ఢిల్లీ ఎన్నిక, అది మన రాష్ట్రం ఎన్నిక. దీనికీ దానికీ సంబంధం లేదమ్మా, నీ ఇష్టం" అన్నాను. "అట్నా" అని లోపలికి వెళ్లింది. ఒక బీప్, కాసేపటికి రెండో బీప్. ఎవరికి వేసిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా.

జంట ఎన్నికలంటే బూత్ ఒకటే, ఎన్నికలు రెండు. బటన్లుండే బ్యాలెట్ యూనిట్లు వేరు, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్లు వేరు, వేసిన ఓటును చీటీ మీద చూపించే వీవీప్యాట్లు వేరు, లెక్కింపు వేరు. లోక్‌సభ బ్యాలెట్ పత్రం తెలుపు, అసెంబ్లీది గులాబీ. ముందు లోక్‌సభ, తర్వాత అసెంబ్లీ. మీరు అక్కడ ఏం నొక్కారో ఇక్కడి మెషీన్‌కు తెలిసే దారే లేదు.

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? నా అనుమానం బ్యాలెట్ పెట్టెల కాలం మీద. అప్పట్లో ఒకే కాగితం మీద రెండు గుర్తులపై స్వస్తిక్ ముద్ర పడితే అది చెల్లని ఓటు. "రెండిటికీ వేస్తే పోతుంది" అన్న మాట ఆనాటిది. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా ఈవీఎంలు వచ్చేశాయి, మాట మాత్రం మిగిలిపోయింది.

2024లో ఇంకో చిక్కు. టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి కట్టినచోట ఎమ్మెల్యే అభ్యర్థిది సైకిలు, ఎంపీ అభ్యర్థిది కమలం. లేదా ఎమ్మెల్యేది గాజు గ్లాసు, ఎంపీది సైకిలు. అంటే కూటమికే నిఖార్సుగా రెండు ఓట్లూ వేయాలన్నా రెండు వేర్వేరు గుర్తులు నొక్కాల్సిందే. "ఒకే గుర్తు" అని బుర్రలో పెట్టుకున్నవాళ్లు ఆ రోజు ఎంత తికమక పడ్డారో!

అపోహ: క్రాస్ అయిన ఓట్లన్నీ పొరపాటున పడ్డవే, వాటితో ఫలితాలు మారవు

ఇక్కడ కాస్త లెక్కల్లోకి వెళ్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ 151 అసెంబ్లీ సీట్లు గెలిచింది, టీడీపీకి 23. లోక్‌సభలో 22, 3. టీడీపీకి దక్కిన ఆ మూడు ఎంపీ సీట్లు ఏవి? శ్రీకాకుళం, విజయవాడ, గుంటూరు. ఇప్పుడు వాటి కింది అసెంబ్లీ సెగ్మెంట్లు చూడండి. గుంటూరులో ఏడింటికి ఆరు వైఎస్సార్‌సీపీవే, గుంటూరు పశ్చిమ ఒక్కటే టీడీపీది. విజయవాడలోనూ ఏడింటికి ఆరు వైఎస్సార్‌సీపీవే, విజయవాడ తూర్పు మినహా. శ్రీకాకుళంలో ఏడింటికి ఐదు. అయినా ముగ్గురు ఎంపీలూ టీడీపీ వాళ్లే. అంటే ఆ ఏడాది ఆ పార్టీ గెలిచిన ప్రతి ఎంపీ సీటూ, ఎమ్మెల్యేలు ఎక్కువమంది అవతలి పార్టీవాళ్లున్న చోటే.

అదే ఏడాది విశాఖపట్నంలో బొమ్మ తిరగబడింది. నగరంలోని తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ సీట్లు నాలుగూ టీడీపీ గెలిచింది, ఎంపీ సీటు మాత్రం నాలుగు వేల చిల్లర తేడాతో వైఎస్సార్‌సీపీకి వెళ్లింది. అక్కడ జనసేన ఎంపీ అభ్యర్థికి రెండున్నర లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, కాబట్టి అది ముక్కోణపు లెక్క. దాన్నంతా క్రాస్ ఓటింగ్ ఖాతాలో వేయను.

2024లో తిరుపతి ఇంకా విచిత్రం. ఆ లోక్‌సభ సీటు కింద ఏడింటికి ఏడు అసెంబ్లీ సీట్లూ కూటమి గెలుచుకుంది. రాష్ట్రమంతా కలిపి వైఎస్సార్‌సీపీకి మిగిలినవి పదకొండే. కానీ తిరుపతి ఎంపీ మళ్లీ వైఎస్సార్‌సీపీ గురుమూర్తే. ఎంపీ స్థానంలో కూటమి అభ్యర్థి బీజేపీ నుంచి. సైకిలుకో గ్లాసుకో వేసిన చేయి కమలం దగ్గర కొంత ఆగిందని నా అంచనా. ఏడు సెగ్మెంట్లలో అన్ని వేల చేతులు ఒకే వైపు పొరపాటు పడతాయంటే నేను నమ్మను.

తెలంగాణలో రెండు ఎన్నికలూ ఒకే రోజు జరగవు కాబట్టి దాన్ని క్రాస్ ఓటింగ్ అనలేం గానీ, ఓటరు బుద్ధి ఒకటే. 2023 అసెంబ్లీలో 39 సీట్లు ఇచ్చిన బీఆర్‌ఎస్‌కు, ఆరు నెలలు తిరక్కముందే లోక్‌సభలో సున్నా ఇచ్చారు.

అపోహ: క్రాస్ ఓటింగ్ నేరం, పార్టీ ఫిరాయింపు

పేపర్లు ఒకే మాటను రెండు పనులకు వాడటం వల్ల వచ్చిన గందరగోళం ఇది. 2023 మార్చిలో ఎమ్మెల్యే కోటా (ఎమ్మెల్యేలే ఓటేసే) ఎమ్మెల్సీ ఎన్నికల్లో టీడీపీ అభ్యర్థి పంచుమర్తి అనురాధ 23 ఓట్లతో గెలిచారు. క్రాస్ ఓటింగ్ చేశారంటూ వైఎస్సార్‌సీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. వాళ్లు పార్టీ గుర్తు మీద గెలిచినవాళ్లు, పార్టీకి జవాబు చెప్పుకోవాలి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం కూడా చట్టసభల సభ్యుల కోసమే. ఓటరు ఏ పార్టీ విప్‌కూ, అంటే ఆదేశానికీ, బాకీ లేడు.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఓసారి ఫోన్లో "పిన్నీ, నువ్వు ఏ పార్టీ ఓటరుగా రిజిస్టర్ అయ్యావు?" అని అడిగాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో నమోదప్పుడే పార్టీ చెప్పుకోవచ్చట, ఏదీ చెప్పనివాళ్లు ఇండిపెండెంట్లట. ఓటరుగా నమోదయ్యే మన ఫారం 6లో ఆ గడే లేదురా అన్నాను. ఓటర్ల జాబితా ప్రకారం మనమంతా తటస్థులమే.

అపోహ: ఎవరికి వేశామో ఎలాగైనా తెలిసిపోతుంది

సగం తప్పు, సగం నిజం. నిజమైన సగాన్ని దాచి ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు.

ముందు తప్పు సగం. వీవీప్యాట్ అద్దం వెనక ఏడు సెకన్లు కనబడే చీటీ మీద అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉంటాయి. మీ పేరు ఉండదు. బూత్‌లో వెబ్‌కాస్టింగ్ కెమెరా ఉంటుంది గానీ, కంపార్ట్‌మెంట్ లోపలి భాగం దానికి కనిపించకుండా పెట్టాలి. నేను పీఓగా ఆ కోణం స్వయంగా చూసుకునేదాన్ని, ఓటరు నిలబడే చోట నిలబడి మరీ. "నువ్వు ఎవరికి వేశావు?" అని కోర్టులో సాక్షిని కూడా బలవంతపెట్టడానికి లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ అది. సిబ్బందీ ఏజెంట్లూ గుట్టు బయటపెడితే 128వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు.

భార్య వెంట కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లబోయే మగవాళ్లను ఎంతమందిని ఆపానో లెక్కలేదు. "ఆవిడకు తెలీదండీ, చూపిస్తా" అంటారు. చూపు లేనివాళ్లకు, బటన్ నొక్కలేనంత అశక్తులకు మాత్రమే తోడు ఉంటారు, అదీ గుట్టు కాపాడతానని సంతకం పెట్టి. ఒకాయన్ని ఆపితే ఆయన గుమ్మం దగ్గరే నిలబడి "పైనుంచి రెండోది, పైనుంచి రెండోది" అని అరవడం మొదలెట్టాడు. కానిస్టేబుల్‌ను పిలిచి బయటకు పంపాను. ఆవిడ తలెత్తకుండా లోపలికి వెళ్లి, రెండు బీప్‌లయ్యాక బయటకొచ్చి, నా బల్ల పక్కగా నడుస్తూ ఒక్క క్షణం నవ్వింది. ఆ నవ్వుకు అర్థం మీరే చెప్పుకోండి.

ఇప్పుడు నిజం సగం. ఒక్కరి ఓటు బయటపడదు గానీ బూత్ ఓటు బయటపడుతుంది. లెక్కింపులో ఏ బూత్‌లో ఎవరికెన్ని అన్నది ఏజెంట్లు అక్కడికక్కడే రాసుకుంటారు, తర్వాత ఫారం 20లోనూ (బూత్‌లవారీ ఫలితాల పత్రం) వస్తుంది. ఎంపీ ఫారం 20, ఎమ్మెల్యే ఫారం 20 పక్కపక్కన పెట్టుకుంటే "మన బూత్‌లో ఎమ్మెల్యేకి 410 వస్తే ఎంపీకి 350 ఏంటి?" అని ఊరి నాయకుడు అడగగలడు (అంకెలు ఉదాహరణకే). బూత్ చిన్నదైతే, అందులో ఒక కాలనీవాళ్లే ఎక్కువుంటే, అనుమానం ఆ కాలనీ మీదికి పోతుంది. రోడ్డు ఆగిపోవడం, పెన్షన్ల దగ్గర మాటలు పడటం అక్కడి నుంచే. చాలా బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ పెడతామని ఎన్నికల సంఘం 2008లోనే కేంద్రాన్ని అడిగింది. ఇంతవరకు అమల్లోకి రాలేదు. ఈవీఎంల మీద ఇంత రచ్చ చేసే పార్టీలు దీని గురించి ఎందుకు గొంతెత్తవో ఊహించడం కష్టమేం కాదు.

కాబట్టి నా సలహా చిన్నది. ఓటు ఎలాగూ గుట్టే, మీరే టీకొట్టు దగ్గర విప్పకండి. (నేను చుట్టాల దగ్గర విప్పి అనుభవిస్తున్నాగా!)

అపోహ: డబ్బు తీసుకున్నాక, ఒట్టు వేశాక మాట తప్పకూడదు

ఓటు కోసం డబ్బివ్వడమే కాదు, పుచ్చుకోవడమూ చట్టం దృష్టిలో లంచమే. కాబట్టి ముందు ఆ చేయి చాచడమే తప్పు. ఇక ఒట్టు సంగతి. నోటు చేతిలో పెట్టి దేవుడి పటం మీద ప్రమాణం చేయించే ఊళ్లు నాకు తెలుసు. దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అనుచిత ప్రభావం, అది ఎన్నికల అక్రమం. ప్రమాణం చేయించినవాడిదే తప్పయితే, మీతో వేయించిన ఒట్టుకు దేవుడు మిమ్మల్ని పట్టుకుంటాడా?

అపోహ: ఏ పార్టీ నచ్చకపోతే నోటా ఉందిగా, ఇటూ అటూ ఎందుకు?

నోటా 2013 నుంచి ఉంది. దానికే ఎక్కువ ఓట్లు వచ్చినా, తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తాడు. ఇద్దరూ నచ్చనివాళ్లకు అది దారి. నాకు ఇద్దరూ నచ్చారు, వేర్వేరు పార్టీల్లో.

ఎలాగంటే, ఎమ్మెల్యే ఓటంటే నా మటుకు అభ్యర్థికి వేసేది కాదు, రాష్ట్రంలో ఎవరు పాలించాలన్నదానికి వేసేది. ఎమ్మెల్యేల లెక్కతోనే ముఖ్యమంత్రి వస్తాడు. అక్కడ మనిషి కొంచెం అటూఇటూ అయినా పార్టీని చూసి వేశాను. ఎంపీ దగ్గర తిరగేశాను. నా సర్వీసు చివర్లో మా స్కూలు పిల్లలకు ఆర్వో ప్లాంటు కోసం అర్జీ పట్టుకుని చాలామంది నాయకుల ఇళ్లకు తిరిగాను. ఎంపీలకు ఏటా ఐదు కోట్ల నియోజకవర్గ అభివృద్ధి (ల్యాడ్స్) నిధులుంటాయి, ఇలాంటి పనులు సిఫారసు చేయొచ్చు. ఒకరి పీఏ అర్జీ మీద టీ కప్పు పెట్టాడు. ఇంకొకాయన ఆఫీసు నుంచి పదకొండో రోజున "మేడమ్, గది కొలతలు ఎంత?" అని ఫోనొచ్చింది. ఆయన పార్టీ నాకు నచ్చదు. ఆ ప్లాంటు నీళ్లు మాత్రం పిల్లలు ఇప్పటికీ తాగుతున్నారు. ఎంపీ ఓటు ఆయనకే వేశాను.

ఎమ్మెల్యేకీ ఇదే కొలత ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. నిజమే, పెట్టలేదు. రెండు ప్రశ్నలు వేరనుకున్నాను, రెండు జవాబులు రాశాను. మీ లెక్క వేరేగా ఉండొచ్చు.

ఆ రోజు బూత్‌లో సిరా పెట్టినవాడు నా దగ్గర చదువుకున్న కుర్రాడే. చీటీ చేతికిస్తూ "ముందు అటు టీచర్" అన్నాడు, నాకు తెలియనట్టు. రెండుచోట్లా ఏడు సెకన్లు లెక్కపెట్టుకున్నాను. బయటకొచ్చి రెండు వందల మీటర్లు దాటితే రెండు పార్టీల బల్లలు. మొదటి బల్ల దగ్గరి అబ్బాయి "టీచరుగారూ, మనకేగా?" అన్నాడు. "నీకే వేశానయ్యా" అన్నాను. నాలుగడుగులేశాక రెండో బల్ల. "అమ్మగారూ, మనకేగా?" "నీకే వేశానయ్యా." ఇద్దరిలో ఏ ఒక్కరికీ అబద్ధం చెప్పలేదు.