కడప బండకూ ముగ్గురాయికీ చుట్టరికం

కడప ఇళ్లలో వంటగట్టుకు వేసే నల్లని బండ ఒక రకం సున్నపురాయి. దాని మీద నిమ్మరసం చుక్కలు పడితే సన్నని బుడగలు లేచి, నునుపు పోయి, పాలిపోయిన మచ్చ మిగులుతుంది. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేటలో తవ్వే ముగ్గురాయి, అంటే బెరైటీస్, నిమ్మరసానికి చలించదు. పైగా అంతే పరిమాణమున్న ముక్కను చేతిలోకి తీసుకుంటే బండ కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు తూగుతుంది. ఇంత తేడా ఉన్నా, బండలోని కాల్షియమూ ముగ్గురాయిలోని బేరియమూ ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసకు చెందినవి. వాటి నడుమ ఉన్నది స్ట్రాన్షియం ఒక్కటే.

నిజానికి బుడగల పరీక్షతో పోల్చడం న్యాయం కాదు. అక్కడ బుడగలు లేపేది బండలోని కార్బొనేటు, కాల్షియం కాదు. మూడింటి సల్ఫేట్లనూ పక్కపక్కన పెడితేనే చుట్టరికం తేలుతుంది. కాల్షియం సల్ఫేటు లీటరు నీటిలో సుమారు 2 గ్రాములు కరుగుతుంది, స్ట్రాన్షియం సల్ఫేటు గ్రాములో ఏడెనిమిదో వంతు, బేరియం సల్ఫేటయితే రెండు మూడు మిల్లీగ్రాములే. నీటిలో కరిగే బేరియం లవణాలు విషమైనా, పేగుల ఎక్స్‌రే కోసం రోగి చేత బేరియం సల్ఫేటును నిర్భయంగా తాగించగలగడానికి కారణం ఇదే. వాటి పరమాణు భారాల్లోనూ ఒక పొందిక ఉంది: కాల్షియం 40, బేరియం 137, రెంటినీ కూడి సగం చేస్తే 88.5, స్ట్రాన్షియం 87.6. ఇలాంటి త్రికాలను, అంటే గుణాలు కలిసే మూడేసి మూలకాల గుంపులను, జర్మన్ శాస్త్రవేత్త డోబరైనర్ 1829లో ప్రకటించాడు.

1869లో రష్యన్ శాస్త్రవేత్త మెండలీఫ్ అప్పటికి తెలిసిన 63 మూలకాలను పరమాణు భారాల క్రమంలో పేర్చాడు, కానీ భారాలను గుడ్డిగా నమ్మలేదు. వేముల మండలం తుమ్మలపల్లె గనిలో ఇప్పుడు తవ్వుతున్న యురేనియమే ఇందుకు మంచి ఉదాహరణ. ఆక్సిజన్‌తో అది కలిసే నిష్పత్తి నుంచి వచ్చే 40 అనే అంకెను సంయోజకతతో, అంటే ఒక పరమాణువు ఏర్పరచే బంధాల సంఖ్యతో, గుణించి పరమాణు భారం కట్టేవారు. సంయోజకత మూడనుకున్నందువల్ల 120 వచ్చింది. ఆ లెక్కన యురేనియం తగరానికీ ఆంటిమొనీకీ మధ్య ఇరుక్కోవాలి, అక్కడేమో ఖాళీ లేదు, గుణాలూ కలవవు. సంయోజకత ఆరు అయి ఉండాలని మెండలీఫ్ భారాన్ని 240కి రెట్టింపు చేశాడు. త్రాసు ముట్టకుండా, పట్టికను మాత్రమే నమ్మి చేసిన దిద్దుబాటు అది. నేటి విలువ 238.

అయితే క్రోమియం, టంగ్‌స్టన్ల వరుసలో ఆయన దానికిచ్చిన చోటు నిలవలేదు. 1940లలో అమెరికన్ శాస్త్రవేత్త గ్లెన్ సీబోర్గ్ యురేనియాన్ని అక్కడి నుంచి లేపి, పట్టిక అడుగున విడిగా ఉండే ఆక్టినైడ్లనే మూలకాల పంక్తిలో కూర్చోబెట్టాడు.