ఒడ్డున పడి ఉన్నా అది రాయి కాదు

అండమాన్‌లోని వండూర్ జెట్టీ నుంచి జాలీబాయ్ దీవికి వెళ్లే పడవల్లో గైడ్‌గా పనిచేస్తున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఎవరో ఒకరి సంచిలోంచి తెల్లటి పగడపు కొమ్మ బయటపడుతూనే ఉంటుంది. "ఒడ్డున ఊరికే పడి ఉంది బాబూ, చచ్చిన రాయే కదా!" అంటారు.

జనాన్ని నిజంగా ఇబ్బందుల్లోకి నెట్టే అపోహ ఇదే. అది రాయి కాదు. పాలిప్‌లనే చిన్న ప్రాణులు సముద్రపు నీటి నుంచి సున్నం తీసుకుని కట్టుకున్న గూడు. బండలా పెరిగే పగడం ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. చచ్చాక కూడా దానికి పని ఉంది. పిల్ల పగడాలు అలాంటి గట్టి చోటే అతుక్కుంటాయి. అది అరిగితేనే దీవికి ఆ తెల్లటి ఇసుక.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సముద్రంలో దిబ్బలు కట్టే ఈ పగడాలు పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చచ్చిన ముక్కకూ అదే చట్టం. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. "వాళ్లు తీసుకెళ్లారట, ఎవరూ అడగలేదట" అనే మాటలు దయచేసి నమ్మకండి. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసేవాళ్లకు ఆ కబుర్లతో పని లేదు.

ఒకసారి ఒక పెద్దావిడ కొంగున ముక్క మూటగట్టుకున్నారు. మనవడికి కుజదోషమట, ఉంగరంలో పొదిగించాలట. ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం వేరే జాతిదనీ, అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరుకుతుందనీ చెప్పాను. చట్టం మాట ఎత్తగానే ఆవిడ చేతులు వణికాయి. "భయపడకండమ్మా, మనం ఇంకా దీవి దాటలేదుగా" అని ఇద్దరం వెళ్లి తీసిన చోటే పెట్టి వచ్చాం. పడవ ఎక్కేదాకా నా చెయ్యి వదల్లేదావిడ.

మిగతా అపోహల సంగతి త్వరగా చెప్పేస్తాను. తెల్లబడిన పగడాలన్నీ చచ్చినవి కావు. 2010లో నీరు వేడెక్కి ఇక్కడ చాలా పగడాలు తెల్లబోయాయి. తమలో ఉండి తిండి పెట్టే నాచును పోగొట్టుకుంటే అలా అవుతుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకోగలవు. సముద్రపు పాముకు విషం ఎక్కువే, కానీ మనం పట్టుకోబోతే తప్ప కరవడం అరుదు. మొసలి మాత్రం ఉప్పునీటిలోనూ ఉంటుంది, హెచ్చరిక బోర్డు ఉన్నచోట దిగకండి. జాలీబాయ్ మూసి ఉందంటే ఎవరో మోసం చేసినట్టు కాదు. దిబ్బలకు విశ్రాంతినివ్వడానికి కొన్ని నెలలు దాన్ని మూసి, రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు.

ఈత రాదని టెన్షన్ పడేవాళ్లు గాజు అడుగు పడవ ఎక్కండి. కాలు తడవకుండానే పగడాలు కనిపిస్తాయి.