క్లెరిక్ బలానికి కళ్లెం: అపోహలు - వాస్తవాలు

బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో, మాటలతో ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, దైవశక్తితో మంత్రాలు వేసే యోధ పూజారి అయిన క్లెరిక్ మిగతా పాత్రలను మించిపోతోందన్న ఫిర్యాదు పాతదే. దానికి సూచించే విరుగుడులు మాత్రం చాలావరకు గురి తప్పినవి. ఆటలను నడిపే పనిలోను, వాటి నియమాలను సవరించే పనిలోను నాకు అర్థమైనదాన్ని బట్టి, క్లెరిక్ అతిబలం ఏ ఒక్క అంకెలోనూ ఉండదు. ఒక మేలు కావాలంటే మరొక మేలును వదులుకోవలసిన అవసరం ఆ క్లాస్‌కు (పాత్ర రకానికి) రాకపోవడంలో ఉంటుంది. ప్రత్యేకంగా చెప్పని చోట్ల ఇక్కడి లెక్కలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 నియమాలకు చెందినవి.

అపోహ: బరువైన కవచం తీసేస్తే క్లెరిక్ అదుపులోకి వస్తుంది.

వాస్తవం: కవచం కంటికి కనిపించే బలం కాబట్టి మొదటి కోత దానిపైనే పడుతుంది. అయితే 1974లో ఈ ఆట మూడే మూడు క్లాసులతో వెలువడినప్పుడే క్లెరిక్‌కు కవచం ఉంది. దానికి బదులుగా పదునైన ఆయుధాలు పట్టకూడదన్న నిషేధం ఉండేది, మొదటి లెవెల్‌లో (పాత్ర ఎదుగుదలలో తొలి మెట్టులో) ఒక్క మంత్రమూ దక్కేది కాదు, ఆపైన దక్కే మంత్రాలు కూడా ఐదో స్థాయితో ఆగిపోయేవి. 1978 నాటి నియమాల్లో ఆ హద్దు ఏడో స్థాయికి జరిగింది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ క్లెరిక్‌కు మాంత్రికుడైన విజర్డ్‌తో సమానంగా తొమ్మిది స్థాయిల మంత్రాలనూ ఇచ్చి, మొద్దు ఆయుధాల ఆంక్షను కూడా ఎత్తివేసింది. అంటే కవచం ఉన్న చోటనే ఉంది. దానికి చెల్లించవలసిన మూల్యమే మాయమైంది.

2003 నాటి 3.5 నియమాల్లో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. డివైన్ పవర్ అనే నాలుగో స్థాయి మంత్రం క్లెరిక్‌కు యోధుడైన ఫైటర్‌తో సమానమైన దాడి నైపుణ్యాన్ని, దానితో పాటు అదనపు కండబలాన్ని ఇచ్చేది. ఆ మంత్రం కొన్ని రౌండ్లే (పోరాటంలో అందరి వంతులూ ఒకసారి పూర్తయ్యే విడతలే) నిలుస్తుంది కాబట్టి మొదట్లో సమతూకం ఉన్నట్టే కనిపించింది. 2004లో ఒక అనుబంధ గ్రంథం, ప్రేతాలను తరిమే శక్తిని ఖర్చు పెట్టి మంత్రాలకు మార్పులు జోడించుకొనే ఫీట్‌ను (పాత్ర ఎంచుకొనే ప్రత్యేక నైపుణ్యాన్ని) తెచ్చింది. దాన్ని మంత్రపు నిడివిని పెంచే మరొక ఫీట్‌తో కలిపితే కొన్ని రౌండ్ల మంత్రం ఇరవై నాలుగు గంటలు నిలిచేది. ఇక ఫైటర్ చేసే పనిని రోజంతా చేస్తూనే, మిగిలిన మంత్రాలన్నీ చేతిలో ఉంచుకొన్న క్లెరిక్‌ను ప్రకృతి మాంత్రికుడైన డ్రూయిడ్‌తో జతచేసి ఆటగాళ్లు కోడ్జిల్లా (క్లెరిక్ ఆర్ డ్రూయిడ్ + గాడ్జిల్లా) అని పిలవడంలో ఆశ్చర్యం లేదు. 2009లో, ఆ నియమాల మీదనే నిర్మించిన పాత్‌ఫైండర్ అనే ఆట రూపకర్తలు బరువైన కవచపు శిక్షణను తీసేశారు. అది ఒక్క ఫీట్‌తో తిరిగి సంపాదించుకోగల విషయం. నా దృష్టిలో వారు చేసిన అసలైన పని డివైన్ పవర్ మంత్రాన్ని తిరగరాయడం: ఫైటర్ నైపుణ్యాన్ని అది ఇకపై అరువు ఇవ్వదు, పరిమితమైన బోనస్‌లు ఇస్తుంది.

అపోహ: వైద్యం వల్లనే క్లెరిక్ ఆటను పాడు చేస్తుంది.

వాస్తవం: లెక్క వేసి చూస్తే పోరాటం మధ్యలో చేసే వైద్యం నిజానికి బలహీనమైనది. మొదటి స్థాయి క్యూర్ వూండ్స్ ఒక ఎనిమిది ముఖాల పాచికకు విజ్‌డమ్ మాడిఫయర్‌ను (వివేకం అనే గుణం నుంచి వచ్చే అంకెను) కలిపి నయం చేస్తుంది. ఆ మాడిఫయర్ నాలుగైతే సగటు 8.5 హిట్ పాయింట్లు (ప్రాణశక్తి పాయింట్లు). ఓగర్ అనే రాక్షసుడి గద దెబ్బ సగటున 13 తీస్తుంది. ఒక స్పెల్ స్లాట్‌ను (రోజుకు ఇన్నే అని ఉండే మంత్రావకాశాల్లో ఒకదాన్ని), ఒక యాక్షన్‌ను (తన వంతులోని ప్రధాన పనిని) వెచ్చించి కూడా ఒక్క దెబ్బను పూడ్చలేని పనిని అతిబలం అనలేము. 2024 సవరణలో ఈ మంత్రపు పాచికలను రెట్టింపు చేయడానికి కారణం కూడా ఇదేనని అనుకుంటాను.

హీలింగ్ వర్డ్ విషయం వేరు. అది నయం చేసేది ఇంకా తక్కువే, కానీ బోనస్ యాక్షన్‌తో (వంతులో అదనంగా దొరికే చిన్న పనితో), అరవై అడుగుల దూరం నుంచి, సున్నాకు పడిపోయిన సహచరుణ్ణి లేపి నిలబెడుతుంది. పడినవాడు లేవడానికి ఒక్క హిట్ పాయింట్ చాలు కాబట్టి అక్కడ పాచిక ఎంత పడిందన్నది దాదాపు అప్రస్తుతం. యాక్షన్ ఖాళీగా మిగలడమే ముఖ్యం. దీన్ని సరిచేయదలచినవారు వైద్యపు పరిమాణాన్ని కోయకుండా, సున్నాకు పడిన ప్రతిసారీ ఒక స్థాయి ఎగ్జాషన్ (అలసట) వంటి మూల్యాన్ని విధించడం మేలు.

వైద్యం పేరుతో చెడ్డపేరు తెచ్చుకోదగిన సబ్‌క్లాస్ (ఉపరకం; క్లెరిక్ విషయంలో దీన్ని డొమైన్ అంటారు) ఏదైనా ఉంటే అది 2020లో వచ్చిన ట్వైలైట్ డొమైన్. ముప్పై అడుగుల వ్యాసార్ధంలో తన టర్న్ (వంతు) ముగించే ప్రతి మిత్రుడికీ ఒక ఆరు ముఖాల పాచికకు క్లెరిక్ లెవెల్‌ను కలిపినన్ని తాత్కాలిక హిట్ పాయింట్లు ఇవ్వవచ్చు; ఇది ఒక నిమిషం, అంటే పది రౌండ్లు సాగుతుంది. ఐదో లెవెల్‌లో సగటు 8.5. పైన చెప్పిన క్యూర్ వూండ్స్ ఇచ్చేది సరిగ్గా అంతే! తాత్కాలిక పాయింట్లు ఒకదానిపై ఒకటి పేరుకోవన్నది నిజమే, కానీ దెబ్బలు తగిలే కొద్దీ అవి ప్రతి రౌండ్‌లోనూ తిరిగి నిండుతాయి. నలుగురి జట్టుకు రౌండ్‌కు నాలుగు వైద్య మంత్రాల విలువ, ఒక్క స్పెల్ స్లాట్ కూడా ఖర్చు కాకుండా, కాన్సంట్రేషన్ (ఒకసారికి ఒకే మంత్రంపై నిలపగల, దెబ్బ తగిలితే చెదరగల ఏకాగ్రత) అవసరం లేకుండా అందుతోందన్న మాట. పైగా ఆ శక్తి షార్ట్ రెస్ట్‌తోనే (కొద్దిపాటి విశ్రాంతితోనే) తిరిగి వస్తుంది. ఇక్కడ నేను సిఫారసు చేసే సవరణ ఒక్కటే: దాన్ని కాన్సంట్రేషన్‌కు లోబరచండి. అప్పుడు క్లెరిక్ తన గొప్ప మంత్రాల్లో ఒకదానికీ ఈ రక్షణకూ మధ్య ఎంచుకోవలసి వస్తుంది, శత్రువు కూడా దెబ్బ తీసి దాన్ని భగ్నం చేయడానికి ప్రయత్నించగలడు.

అపోహ: స్పిరిట్ గార్డియన్స్ మంత్రపు నష్టాన్ని తగ్గిస్తే సమస్య తీరుతుంది.

వాస్తవం: ఈ మూడో స్థాయి మంత్రం పదిహేను అడుగుల లోపలి శత్రువులకు మూడు ఎనిమిది ముఖాల పాచికల నష్టం చేస్తుంది, సగటు 13.5, సేవింగ్ త్రోలో (తప్పించుకోవడానికి వేసే పాచికలో) నెగ్గితే అందులో సగం. అదే స్థాయికి చెందిన ఫైర్‌బాల్ సగటు 28. అంటే శత్రువులు రెండు రౌండ్లు ఆ వలయంలో ఉంటే రెండూ దాదాపు సమానం, మూడో రౌండ్ నుంచి క్లెరిక్‌దే పైచేయి. శత్రువుకు దగ్గరగా నిలబడే ప్రమాదాన్ని భరిస్తున్నందుకు ఆ మాత్రం ప్రతిఫలం అన్యాయం కాదు. చిక్కు మరొక చోట ఉంది: మంత్రం ఒకసారి మొదలైన తర్వాత దాన్ని నిలపడానికి యాక్షన్ అక్కర్లేదు. కాబట్టి తర్వాతి రౌండ్లలో క్లెరిక్ యాక్షన్‌తో డాడ్జ్ చేస్తూ (దెబ్బలు తప్పించుకోవడంపైనే దృష్టి పెడుతూ), తనపై వచ్చే దాడులన్నిటికీ డిస్అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువదాన్నే లెక్కించే ప్రతికూలత) కలిగిస్తూ, బోనస్ యాక్షన్‌తో స్పిరిచువల్ వెపన్ అనే మంత్రపు ఆయుధాన్ని ఆడించవచ్చు. రక్షణ, వలయపు నష్టం, ఆయుధపు దెబ్బ మూడూ ఒకే టర్న్‌లో, ఒకదానికొకటి అడ్డు రాకుండా జరిగిపోతాయి.

పాచికలను మూడు నుంచి రెండుకు తగ్గిస్తే ఈ కూర్పు అలాగే ఉంటుంది, కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. 2024 నియమాల్లో, స్పిరిట్ గార్డియన్స్‌కు లాగే స్పిరిచువల్ వెపన్‌కూ కాన్సంట్రేషన్ తప్పనిసరి చేశారు. ఒక్క అంకెనూ తగ్గించకుండా ఈ ముప్పేట కూర్పును విడదీసిన మార్పు అది. పాత నియమాలతో ఆడేవారు కూడా దీన్ని యథాతథంగా తెచ్చుకోవచ్చు.

అపోహ: బలమైన రాక్షసులను దించితే సరి.

వాస్తవం: క్లెరిక్‌ను దెబ్బ తీయగల రాక్షసుడు దొంగ పాత్ర అయిన రోగ్‌ను ఒకే దెబ్బకు పడగొడతాడు. శిక్ష పడేది మిగతావారికి.

అపోహ: దేవుడి ఆగ్రహం అనే భయం చాలు, వేరే నియమాలు అక్కర్లేదు.

వాస్తవం: కథలో దైవాగ్రహానికి చోటు ఉండాలి, కాదనను. అయితే లెక్కల్లో ఉన్న అతిబలాన్ని ఆటను నడిపే గేమ్ మాస్టర్ ఇష్టానికి వదిలితే, ఒక వారం ఆ బలం పూర్తిగా ఉంటుంది, మరొక వారం పూర్తిగా పోతుంది; రెండూ సమతూకం కావు. ఆటగాడికి అది వ్యక్తిగతమైన కక్షలా కనిపించే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: స్పెల్ స్లాట్లు పరిమితమే కాబట్టి క్లెరిక్ తనంతట తానే అదుపులో ఉంటుంది.

వాస్తవం: ఐదో లెవెల్ క్లెరిక్‌కు మొత్తం తొమ్మిది స్లాట్లు ఉంటాయి. 2014 నాటి గేమ్ మాస్టర్ గ్రంథం రోజుకు ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠినమైన పోరాటాలను ఊహించి రాసినది. అన్ని పోరాటాలకు తొమ్మిది స్లాట్లు నిజంగా చాలవు. ఒకే పెద్ద పోరాటం, వెంటనే లాంగ్ రెస్ట్ (స్లాట్లన్నీ తిరిగి వచ్చే పూర్తి విశ్రాంతి) అన్న పద్ధతిలో నడిచే ఆటల్లో నాలుగైదు రౌండ్లలోనే అంతా ముగుస్తుంది, స్లాట్లు మిగిలిపోతాయి. మంత్రాలను కోసే ముందు విశ్రాంతుల మధ్య ఎన్ని పోరాటాలు పెడుతున్నారో చూసుకోండి. కథ వేగం తగ్గకూడదనుకొంటే, రాత్రి నిద్రను షార్ట్ రెస్ట్‌గాను, కొన్ని రోజుల విడిదిని లాంగ్ రెస్ట్‌గాను లెక్కించే పద్ధతి బాగా పనిచేస్తుంది.

అపోహ: కొత్త గ్రంథాల్లోని మంత్రాలు క్లెరిక్ బలాన్ని మార్చవు.

వాస్తవం: విజ్‌డమ్ 18 ఉన్న ఐదో లెవెల్ క్లెరిక్ రోజూ తొమ్మిది మంత్రాలను సిద్ధం చేసుకొంటుంది, డొమైన్ ఇచ్చే ఆరు వాటికి అదనం, మొత్తం పదిహేను. అదే లెవెల్‌లో మరో మాంత్రిక క్లాస్ అయిన సోర్సరర్‌కు తెలిసిన మంత్రాలు ఆరు. పైగా క్లెరిక్ తన తొమ్మిదింటిని ప్రతి లాంగ్ రెస్ట్ తర్వాత మొత్తం జాబితా నుంచి మార్చుకోవచ్చు కాబట్టి, కొత్త గ్రంథంలో జాబితాకు చేరిన ప్రతి మంత్రమూ ఏ ఖర్చూ లేకుండా ప్రతి క్లెరిక్‌కూ దక్కుతుంది. సొంత ఆటను రూపొందించుకొనేవారు ఇక్కడే మొదలు పెట్టాలని నా అభిప్రాయం: ప్రాథమిక గ్రంథంలోని మంత్రాలను స్వేచ్ఛగా వదలండి, అనుబంధ గ్రంథాల నుంచి లెవెల్ పెరిగినప్పుడల్లా ఒకటి చొప్పున ఎంచుకోనివ్వండి. నడుస్తున్న ఆట మధ్యలో ఈ మార్పు తెస్తున్నట్లయితే, క్లెరిక్ ఆడే వ్యక్తికి సెషన్ మొదలయ్యే ముందే చెప్పి, డొమైన్‌ను ఒకసారి ఉచితంగా మార్చుకొనే వీలు కల్పించండి.