ఆ కార్బన్ బానెట్ బిగించేముందు ఇది చదవండి

ఒరే చిన్నోడా, అమ్మా బుజ్జీ,

ఇక్కడ విజయవాడలో మేం బాగానే ఉన్నాం, మీ అమ్మమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, ఎండలు మాత్రం తగ్గలా. నేను ఫ్రిస్కోలో ఉన్నప్పుడు మనం ముగ్గురం కలిసి చిన్నోడి హోండా సివిక్ కారుకి ఎక్కించిన కార్బన్ ఫైబర్ బానెట్ చూసి న్యూజెర్సీలో మీ బావ కూడా ఒకటి ఆర్డర్ పెట్టాడంటగా, తాతయ్య ఎలా చేశాడో మాకు గుర్తుంది మేం ఫోన్లో చెప్తాం అన్నారంట. మీకేం గుర్తుందో నాకు తెలుసు, మధ్యలో తెప్పించుకున్న పిజ్జా గుర్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నా, వాడికి కూడా పంపండి.

ఇంజను మీద మూతని మేం బానెట్ అంటాం, మీరు హుడ్ అంటారు, ఏదైతేనేం. ఆటోనగర్లో 30 ఏళ్లు డెంటింగ్ చేశా గానీ కార్బన్‌ది చేత్తో పట్టుకోవడం మీ గరాజ్‌లోనే మొదలు. రేకు బానెట్ మూల కాస్త పైకి లేచిందనుకోండి, కింద చెక్క ముక్క పెట్టి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కితే లైన్లోకి వచ్చేస్తది, కిందికుంటే మోకాలు ఆనించి పైకి లాగుతాం. రేకు మాట వింటది. ఇది వినదు. ఆ రోజు అలవాటు కొద్దీ నేను ఎడమ మూల నొక్కితే టిక్కుమంది చూడండి, ముగ్గురం ఊపిరి బిగబట్టేశాం, అదృష్టం బాగుండి పైన పూసిన ల్యాకర్ పూతలో వెంట్రుకంత గీత పడి అక్కడితో ఆగింది. ఆ గీత నాదే, బానెట్ అమ్మినోడిది కాదు. కార్బన్ కొంచెం వంగినట్టే వంగి మళ్లీ పాత చోటికే వస్తది, ఇంకా నొక్కితే విరుగుతది, మధ్యలో ఇంకో దారి లేదు. అంటే దాన్ని బండికి తగ్గట్టు సర్దే పనే ఉండదు, హింజీలు (బానెట్ వెనకుండే మడత బందులు), ఫెండర్లు (ముందు చక్రాల మీది పక్క రేకులు), రబ్బర్లు, లాక్, వీటినే దాని చుట్టూ జరుపుకుంటూ రావాలి, మనకి ఆ శనివారం పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా పట్టింది అందుకే.

కొనేముందే ఒక పని చెయ్యాల్సింది, మీ బావ చేసుండడు. ఫ్రిజ్ మీద మాగ్నెట్ తీసి పాత బానెట్‌కి పెట్టి చూడాలి. అంటుకుంటే ఇనుప రేకు, జారిపోతే అల్యూమినియం. మాజ్డా మియాటాకి 1989లో వచ్చిన మొదటి మోడల్ నుంచే అల్యూమినియం బానెట్, అలాంటి బండికి కార్బన్ వేసినా తగ్గే బరువు పెద్దగా ఉండదు, అందం కోసం వేస్తున్నా అని ఒప్పుకుని వేసుకోవాలి. మనది ఇనుము. బుజ్జి బాత్రూం తూకం మీద బానెట్ పట్టుకుని నిలబడి తన బరువు తీసేసి లెక్క కట్టింది కదా, పాతది 16 కేజీల దగ్గర, కొత్తది 8 దాటింది, అంటే సగం. ఇంకోటి, కార్బన్ అని అమ్మేవాటిలో చాలావాటికి పైన కనపడే నేత ఒక్క పొరే కార్బన్, కింద ఫైబర్ గ్లాసే. అది మోసమేం కాదు, ధర అందుకే తక్కువ. కంపెనీవాళ్లే కార్బన్‌ది వేసి అమ్మిన బళ్లూ ఉన్నాయి, 2000లో నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ వీ స్పెక్ టూ అలానే వచ్చింది, ఈ పిచ్చి సగం దాన్ని చూసే పట్టుకుని ఉంటది కుర్రాళ్లకి.

లారీలో పెట్టె వచ్చినప్పుడు సంతకం పెట్టేముందే విప్పి మూలలు చూడమనండి. తర్వాత పెయింట్ గానీ ల్యాకర్ గానీ, బానెట్ లేవకుండా పట్టే పిన్నుల కోసం రంధ్రాలు గానీ ఏదీ ముట్టుకోకుండా ముందు బండి మీద పెట్టి చూడాలి, ఒక్క రంధ్రం పడిందంటే ఇంక వెనక్కి తీసుకోరు.

పాతది విప్పేటప్పుడు హింజీ చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోవాలి, కొత్తది మొదలుపెట్టే చోటు అదే. ఫెండర్ల అంచులకి, కారు ముందు అద్దం కింద మూలలకి టేపు రెండు మూడు వరసలు వేయాలి, బానెట్ వెనక మూల జారితే పోయేది అద్దమే. చెరోపక్క ఒకరు భుజం ఆనించి పట్టుకోవాలి, ఒక్కడే చేస్తాననే హీరోయిజం వద్దు.

కొత్తది పెట్టేముందు రెండు పనులు. లాక్ మొత్తం విప్పి పక్కన పెట్టేయాలి, ముందు రెండు మూలల్లో ఉండే రబ్బరు గుండీలు కిందికంటా తిప్పేయాలి. ఇవి రెండూ ఉంటే బానెట్ ఎక్కడ కూర్చోవాలని ఉందో అక్కడ కూర్చోదు, అవి లాగిన చోట కూర్చుంటది, మనం అదే సరైన చోటనుకుని గంటలు వేస్ట్ చేసుకుంటాం. బోల్టులు వేలితో మాత్రమే బిగించాలి. తర్వాత నేను అమ్మని చపాతీ పిండి అడిగితే మీరు నవ్వారు గుర్తుందా? పిండి ఉండలు పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఇంజను కవర్ మీద, షాకబ్జార్బర్ల తలలుండే సస్పెన్షన్ టవర్ల మీద, బ్యాటరీ మీద పెట్టి బానెట్ మెల్లగా దించి మళ్లీ లేపాం, బ్యాటరీ మీద ఉండ రూపాయి బిళ్లంత మందానికి అణిగిపోయింది. కార్బన్ వాటి లోపలి ఫ్రేము ఇనుప దానిలా ఉండదు, ఎక్కడో మందంగా వచ్చి తగులుతుంటది, అది చూడకుండా ధబీమని వేసుంటే మొదటి రోజే పగిలేది. ఆ బ్యాటరీ క్లాంపు కాస్త కిందికి దించాకే ముందుకెళ్లాం.

ఇప్పుడు అసలు పని. ఎప్పుడూ వెనక నుంచి ముందుకి రావాలి, అద్దం దగ్గర మొదలుపెట్టి. ముందు గ్యాప్ బాలేదని బంపర్ దగ్గర మొదలెట్టినోడు సాయంత్రానికి మళ్లీ వెనక్కే వస్తాడు. హింజీకి బానెట్ బిగించే రంధ్రాలు కోలగా ఉంటాయి, వాటిలో ముందుకి వెనక్కి జరుగుతది, కాస్త పక్కలకి కూడా. కొలవడానికి నేను పాత ఏటీఎం కార్డులు 5 కలిపి టేపు వేశా, ఒక్కోటి 0.76 మిల్లీమీటర్లు, 5 కలిస్తే 4కి కాస్త తక్కువ, ఆ కట్ట ఫెండర్ పొడుగునా ఒకేలా జారితే గ్యాప్ బాగున్నట్టు. రెండో పక్క కూడా అంతే ఉండాలి. ఎక్కడైనా బిగుసుకుంటే బానెట్ మీద చెయ్యేయకుండా ఫెండర్ పైన వరసలో ఉండే బోల్టులు వదులు చేసి ఫెండర్‌నే ఒకటి రెండు మిల్లీమీటర్లు జరపాలి, దాని రంధ్రాలు పెద్దగా ఇచ్చేది అందుకే.

ఎత్తు సంగతి బుజ్జికి అర్థమైంది గానీ చిన్నోడికి కాలేదనుకుంటా, మళ్లీ చెప్తా. హింజీకి ఒక్కో పక్క రెండు బోల్టులుంటాయి. వెనక బోల్ట్ దగ్గర హింజీకీ బానెట్‌కీ మధ్య వాషర్ వేస్తే వెనక అంచు పైకి లేస్తది. ముందు బోల్ట్ దగ్గర వేస్తే వెనక అంచు కిందికి దిగుతది. వింతగా ఉంటది, కాగితం మీద గీసుకోండి తెలుస్తది. మనకి ఎడమ పక్క వెనక మూల ఫెండర్ కన్నా అట్ట ముక్కంత ఎత్తుంది, నేను నొక్కి చెడగొట్టింది అదే మూల, చివరికి ముందు బోల్ట్ కింద ఒక్క పల్చటి వాషర్‌తో దిగిపోయింది. ఆ వాషర్ ముందే వేసుంటే ఆ గీత ఉండేది కాదు.

వెనక, పక్కలు కుదిరాకే ముందు రబ్బరు గుండీలు పైకి తిప్పుకుంటూ రావాలి, బానెట్ ఫెండర్‌తో సమంగా వచ్చేదాకా. పేపర్ ముక్క గుండీకీ బానెట్‌కీ మధ్య పెట్టి లాగితే పట్టుకుని రావాలి, ఊరికే జారిపోతే ఇంకా తిప్పాలి, లేకపోతే రోడ్డు మీద బానెట్ కొట్టుకుంటది. ఆఖర్న లాక్. బానెట్ నుంచి లాక్‌లోకి దిగే స్ట్రైకర్ కొసకి కాస్త గ్రీజు రాసి లాక్ మీదికి దించితే ఎక్కడ తగులుతుందో మరక చెప్తది, మధ్యలో పడేదాకా లాక్‌ని జరపాలి. లాక్ బానెట్‌ని పట్టుకోవాలి అంతేగానీ పక్కకి గుంజకూడదు.

బిగింపు మాట. 10 నంబరు పానా పట్టే బోల్ట్ అంటే 6 మిల్లీమీటర్లది, దానికి 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగాలి. కార్బన్లో మర ఉండదు, లోపల అతికించిన ఇనుప గుబ్బలో ఉంటది, బలం చూపిస్తే గుబ్బే ఊడొస్తది, కింద వెడల్పు వాషర్ వేయాలి. కార్బన్ కరెంటుని పోనిస్తది కాబట్టి తడి తగిలితే దాన్ని ఆనుకున్న ఇనుము, అల్యూమినియం తొందరగా తుప్పు పట్టి పాడవుతాయి, న్యూజెర్సీలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మీ బావకి స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ వాషర్లు తప్పనిసరి. వాడి బండికి బానెట్ ఎత్తి పట్టే గ్యాస్ రాడ్లు ఉన్నాయన్నాడు, అవి పాత బరువుకి లెక్కేసినవి, సగం బరువుని అలానే ఎగదన్నితే రాడ్ తగిలించిన చోట చీలుతది. తక్కువ బలమున్నవి వేయాలి, లేదా మామూలు ఊత కడ్డీ పెట్టుకోవాలి.

హుడ్ పిన్నులు అసహ్యంగా ఉన్నాయని చిన్నోడు ఎంత గొడవ చేశాడో. నేను వినలేదు, ఇప్పుడూ వినను. హైవే మీద బానెట్ లేచి అద్దం మీదికొచ్చిందంటే ఇంకేం కనపడదు, అమెరికాలో ఫెడరల్ రూల్ నంబర్ 113 రెండో లాక్ ఉండాలనేది అలాంటి బానెట్లకే. కొత్త బానెట్‌కి ఆ రెండో కొక్కెం సరిగ్గా పడుతుందా లేదా చేత్తో చూడాలి, పిన్నులు దానికి తోడు మాత్రమే. రంధ్రం వేసేటప్పుడు పైన టేపు, కింద చెక్క, మొదట 3 మిల్లీమీటర్ల బిట్, తర్వాత పెద్దది. ఆ పొడి దురద పెడతది, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. కోసిన అంచుకి ఎపాక్సీ రాయాలి.

ఇక్కడ చిన్నమామయ్య కొడుకు కూడా నాకూ ఒకటి వెయ్యి తాతయ్యా అని వెంటపడుతున్నాడు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చి బండి నడపడానికి లేదని చెప్పింది కదరా, మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది కదా అంటే, బానెట్ అందులోకి రాదంటాడు. ఆర్టీవో ఆఫీసులో వాదించుకో పో అన్నా.

మూసేటప్పుడు పైనుంచి వదలొద్దు, రెండు అరచేతులూ లాక్ దగ్గర వెడల్పుగా పెట్టి నొక్కాలి. నీడన పెట్టుకోవాలి, మైనం పూయాలి, ఎండకి ఎపాక్సీ పసుపెక్కుతది. ఒక 100 మైళ్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ చూడమనండి. వాడు ఫొటో పంపుతానన్నాడు, బండి మొత్తం నాకొద్దు, వెనక ఎడమ మూల దగ్గరగా తీసి పంపమనండి, కార్డుల కట్ట గ్యాప్‌లో పెట్టి.

మీ
తాతయ్య