బ్యాలన్సర్ మీద టైమింగ్ గుర్తులు: అపోహలు - వాస్తవాలు

డిస్ట్రిబ్యూటర్ (స్పార్కును ఒక్కో సిలిండర్‌కు పంచే భాగం) ఉన్న పాత ఇంజిన్లతో పని మొదలుపెట్టినవాళ్లు టైమింగ్ లైట్ (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే దీపం) కొనగానే హార్మోనిక్ బ్యాలన్సర్ (క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన ఉండే చక్రం) మీద డిగ్రీలు గీయాలని చూస్తారు. మంచి పనే. డిగ్రీలు గీయడం చిన్న లెక్క, సున్నా, అంటే ఒకటో పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు (టీడీసీ), ఎక్కడుందో తేల్చడమే పెద్ద పని. చాలామంది ఆ పెద్ద పని వదిలేసి చిన్నదానితో కుస్తీ పడుతుంటారు.

అపోహ: కంపెనీ వేసిన గుర్తు ఎప్పటికీ తప్పదు

బ్యాలన్సర్ అంటే ఒకే ఇనుప ముక్క కాదు. లోపల క్రాంక్‌కు బిగిసే హబ్, బయట బరువైన రింగ్, రెండింటి మధ్య రబ్బరు ఉంటాయి. సిలిండర్లలో ఇంధనం మండిన ప్రతిసారీ క్రాంక్ కొద్దిగా మెలితిరిగి అదురుతుంది, ఆ అదురును తగ్గించడానికే ఈ ఏర్పాటు. అయితే టైమింగ్ గుర్తు చాలా ఇంజిన్లలో బయటి రింగ్ మీదే ఉంటుంది. వేడికీ కారే ఆయిల్‌కీ రబ్బరు పట్టు వదిలితే రింగ్ జారుతుంది, గుర్తు కూడా దాంతోపాటే పోతుంది. అలాంటి ఇంజిన్లో లైట్ 10 డిగ్రీలు చూపిస్తున్నా అసలు టైమింగ్ (టీడీసీకి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతోందో) ఎంతో ఎవరికీ తెలియదు.

హబ్ మీంచి, రబ్బరు మీంచి, రింగ్ దాకా ఒకే సన్నటి పెయింట్ గీత లాగండి. కొన్నాళ్లు బండి నడిచాక ఆ గీత రబ్బరు దగ్గర తెగి పక్కకు జరిగి ఉంటే బ్యాలన్సర్ మార్చాల్సిందే. జారే రింగ్ మీద ఎంత శ్రద్ధగా గీసినా దండగే.

అపోహ: ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే టీడీసీ తెలుస్తుంది

సుమారుగా తెలుస్తుంది, అంతే. పిస్టన్ పైకి చేరాక కాసేపు కదలనట్టే ఉంటుంది. 80 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న ఇంజిన్లో క్రాంక్ టీడీసీ నుంచి 5 డిగ్రీలు తిరిగినా పిస్టన్ దిగేది దాదాపు 0.2 మిల్లీమీటర్లే. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతికి ఆ తేడా అందదు.

నమ్మదగిన పద్ధతి పిస్టన్ స్టాప్, అంటే ప్లగ్ రంధ్రంలో బిగించి పిస్టన్‌ను పైకి చేరకముందే ఆపే కడ్డీ. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ప్లగ్గులన్నీ విప్పి, పిస్టన్‌ను కాస్త కిందికి దించి, ఒకటో సిలిండర్‌లో స్టాప్ బిగించాలి. క్రాంక్‌ను చేత్తో మెల్లగా తిప్పితే పిస్టన్ స్టాప్‌కు తగిలి ఆగుతుంది. అక్కడ పాయింటర్ (ఇంజిన్ మీద కదలకుండా ఉండే సూచిక) ఎదురుగా బ్యాలన్సర్ మీద ఒక గీత పెట్టండి. ఇప్పుడు రెండో వైపు తిప్పండి, తగిలి ఆగిన చోట ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు వస్తే 30 దగ్గరే నిజమైన సున్నా. స్టాప్ పొడవు ఎంతున్నా ఫరవాలేదు, సరిగ్గా మధ్యనే వస్తుంది. ఈ పనిలో స్టార్టర్ జోలికి వెళ్లకండి, పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

టైమింగ్ బెల్ట్ ఇంజిన్లలో కొన్నింటిని వెనక్కి తిప్పవద్దని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. అక్కడ డయల్ గేజ్ (పిస్టన్ ఎంత కదిలిందో చూపే కొలమానం) పెట్టి ముందుకే తిప్పాలి. టీడీసీకి 1 మిల్లీమీటర్ కింద ఉన్నప్పుడు ఒక గీత, పైకెళ్లి మళ్లీ అంతే దిగినప్పుడు ఇంకో గీత. మిగతాది పై లెక్కే.

అపోహ: టైమింగ్ టేప్ ఏదైనా ఒకటే

టైమింగ్ టేప్ అంటే డిగ్రీలు అచ్చేసి బ్యాలన్సర్‌కు అంటించే పట్టీ. డిగ్రీ వెడల్పు బ్యాలన్సర్ వ్యాసాన్ని బట్టి మారుతుంది. 165 మిల్లీమీటర్ల బ్యాలన్సర్ మీద ఒక డిగ్రీ 1.44 మిల్లీమీటర్లు, 203 మిల్లీమీటర్ల దాని మీద 1.77. పెద్దదాని టేప్ తెచ్చి చిన్నదానికి అంటిస్తే, టేప్ 36 చూపించేసరికి నిజంగా ఉండేది 44. ఇంజిన్ నాకింగ్‌తో (లోపల టకటకమనే చప్పుడుతో) కొట్టుకుంటుంటే పెట్రోల్ బాలేదని తిట్టుకుంటూ కూర్చోవడం ఇలాంటప్పుడే.

నేనైతే టేప్ కొనను. సన్నటి కాగితం పట్టీని బ్యాలన్సర్ చుట్టూ బిగుతుగా చుట్టి, కలిసిన చోట కత్తిరించి, విప్పి కొలుస్తాను. వచ్చిన పొడవును 36తో భాగిస్తే 10 డిగ్రీల దూరం వస్తుంది. గీతలు పట్టీ మీదే గీసి తర్వాత రింగ్‌కు ఎక్కించవచ్చు. నిటారు స్కేలుతో రింగ్ మీద 30 డిగ్రీలు ఒకేసారి కొలిస్తే మాత్రం కాస్త తేడా వస్తుంది, ఎందుకంటే స్కేలు వంపు వెంట పోదు. సుద్దముక్కతో గీయడం కూడా మానండి. 3 మిల్లీమీటర్ల మందం గీత అంటేనే 2 డిగ్రీలు.

అపోహ: అడ్వాన్స్ గీతలు ఏ వైపు గీసినా అర్థమవుతాయి

అడ్వాన్స్ అంటే టీడీసీకి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతుందో ఆ లెక్క. ముందు నుంచి చూస్తే చాలా ఇంజిన్లు గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి, కొన్ని తిరగవు. ఏదైనా సూత్రం ఒకటే: 10 డిగ్రీల అడ్వాన్స్ గీత సున్నా కంటే ముందు పాయింటర్ దగ్గరికి రావాలి. కాబట్టి ఆ గీతలు సున్నా నుంచి ఇంజిన్ తిరిగే దిశలోనే ఉండాలి. డిగ్రీలు కవర్ మీది పలక మీద, సున్నా గీత బ్యాలన్సర్ మీద ఉంటే వరస దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే.

అపోహ: చెవితో వింటే చాలు, గుర్తులెందుకు?

ఐడిల్‌లో ఇంజిన్ ఎంత మృదువుగా ఉన్నా, వేగం పెరిగినప్పుడు వచ్చే మొత్తం అడ్వాన్స్ చెవికి తెలియదు. మొదట 10 పెట్టి, డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు 24 కలిపితే మొత్తం 34. ఆ సంఖ్య చూడాలంటే 40 దాకా గీతలుండాలి. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టం తీసి మూసేశాకే చూడండి. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి దాన్ని 1 డిగ్రీ కదిపితే బ్యాలన్సర్ మీద 2 మారతాయి.

అపోహ: డయల్ బ్యాక్ లైట్ ఉంటే గీతలు అక్కర్లేదు

డయల్ తిప్పి గుర్తును సున్నా దగ్గరికి తెచ్చి, డిగ్రీలు డయల్ మీదే చదివే లైట్ ఇది. సున్నా సరిగ్గా ఉన్న మామూలు ఇగ్నిషన్‌తో అది బాగానే పనిచేస్తుంది. ఒక్కో పేలుడుకు వరుసగా చాలా స్పార్కులిచ్చే బాక్సులు పెట్టిన ఇంజిన్లలో కొన్ని లైట్లు తప్పు చూపిస్తాయి. అక్కడ డయల్‌ను సున్నా దగ్గర ఉంచి, గీసుకున్న గీతలనే చదవాలి. చదివేటప్పుడు పాయింటర్‌కు ఎదురుగా కళ్లు పెట్టండి, పక్కనుంచి చూస్తే ఒకటి రెండు డిగ్రీలు మారిపోతాయి. ఇంకొకటి: ఆ లైట్ వెలుగులో తిరిగే ఫ్యాన్ రెక్కలు కూడా ఆగిపోయినట్టు కనిపించవచ్చు. చేతులు, వైర్లు, మెడలో వేలాడే గుడ్డలు దూరంగా ఉంచండి.