బంగారు బల్లి తిరుమలలోనే ఉంటుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కొండల్లో బల్లుల సర్వేకు తిరుగుతుంటానని తెలియగానే చాలామంది అడిగే మాట: "కంచిలో ఉన్న బంగారు బల్లేనా?" కాదండీ. వరదరాజస్వామి గుడిలో పైకప్పుకు ఉన్నది ప్రతిమ. నేను వెతికే బంగారు బల్లి తూర్పు కనుమల రాళ్ల సందుల్లో బతికే నిజమైన బల్లి.

అపోహ: శేషాచలం దాటితే ఇది ఉండదు.

వాస్తవం: మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ 1870లో తిరుపతి కొండల్లోని ఈ జాతిని వర్ణించాడు. తర్వాత చాలాకాలం దీని జాడ లేదు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో మళ్లీ దొరికిందన్న వార్త వచ్చింది. ఆపైన పాపికొండల్లో, ఒడిశాలో, తమిళనాడులోని వేలూరు వైపు కూడా కనిపించింది. ఈ బల్లి కనిపించిన చోట్లు గుర్తించిన మ్యాపులో చుక్క ఉందంటే ఎవరో వెళ్లి చూశారని. చుక్క లేనిచోట బల్లి లేదని కాదు.

అపోహ: కొత్తచోట కనిపించిందంటే వలస వచ్చినట్టే.

వాస్తవం: ఇంటి బల్లి లారీ సామానుతో ఊళ్లు దాటగలదు. దీనికి నీడ, చల్లదనం ఉన్న బండలు కావాలి. ఎండిన మైదానాలు దాటుకుని వచ్చిందనుకోవడం కంటే, ఎప్పటినుంచో అక్కడే ఉంది, మనమే చూడలేదనుకోవడం సబబు.

అపోహ: పగలంతా వెతికాం, లేదు కాబట్టి లేనట్టే.

వాస్తవం: ఇది రాత్రి తిరిగే జీవి. అయినా పగలు పని ఉంది, గుడ్లు వెతకాలి. ఆడబల్లులు చాలా ఒకేచోట చేరి, వాన తగలని రాతి చూరు కింద గుడ్లు అంటిస్తాయి. పిల్లలు వెళ్లిపోయినా తెల్లటి మచ్చలు బండ మీద మిగులుతాయి. నేను ముందు తల పైకెత్తి ఆ మచ్చలే చూస్తాను. కనిపిస్తే చీకటి పడ్డాక టార్చితో మళ్లీ వస్తాను. బల్లిని కళ్లారా చూసేదాకా మచ్చలు ఆధారమే, రుజువు కాదు.

అపోహ: బంగారంలా మెరవకపోతే ఇది కాదు.

వాస్తవం: ఆ మెరుపు ముఖ్యంగా ఎదిగిన మగవాటిది. పిల్లలు గోధుమరంగులో ఉంటాయి.

అపోహ: ఫోన్ ఫొటో చాలు.

వాస్తవం: తేదీ, చోటు, కాలివేళ్ల మెత్తలు తెలిసేలా దగ్గరి ఫొటో కావాలి. పొలుసులు, అవసరమైతే డీఎన్ఏ కూడా పోల్చాలి. ఇది చట్టరక్షణ ఉన్న జాతి, అనుమతి లేకుండా పట్టుకోవద్దు. దయచేసి లొకేషన్ ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

విషం ఉంటుందా అంటే, ఉండదు. మీద పడితే ఏ ఫలమో పంచాంగంలో చూసుకోండి, నా సర్వే ఫారంలో ఆ గడి లేదు.