బాపు గీత దింపడం వస్తే పల్లె బొమ్మ వచ్చినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బొమ్మలు నేర్చుకుంటామంటూ నా దగ్గరకి వచ్చే పిల్లలు మొదటి రోజే ఒక ఫైలు తెస్తారు. తెరిస్తే వాలుజడ వేసుకుని ఓరగా నిలబడ్డ అమ్మాయి, పక్క పేజీలో పంచె కట్టిన బక్క మొగుడు, ఆ తర్వాత ఎడ్లబండి. అన్నీ బాపు బొమ్మలకి కాపీలే. కొందరు ఎంత శుభ్రంగా దింపుతారంటే చూస్తే ముచ్చటేస్తుంది. "మావాడికి బాపు గీత వచ్చేసిందండీ. ఇంక పల్లెటూరి జోకుల బొమ్మలు వేసి పత్రికలకి పంపించడమే కదా?" అని వెంట వచ్చిన అమ్మో నాన్నో అడుగుతారు. కథలకి బొమ్మలు వేస్తూ, కార్టూన్లు గీస్తూ బతుకుతున్న నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఆ పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. వాళ్లకి ఈ మాట నూరిపోసినవాళ్ల మీద మాత్రం కోపం వస్తుంది.

అపోహ: బాపు గీత చేతికి వస్తే హాస్యపు పల్లె బొమ్మ వచ్చినట్టే.

వాస్తవం: రాదు. ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లల ఏళ్లని ఇంతగా మింగేస్తున్న నమ్మకం ఇంకోటి లేదు. అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను.

అసలు ఆ గీత ఎలాంటి పనిలో తయారైందో చూడండి. సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు, అంటే మన బాపు, 1955లో మద్రాసులో లా పూర్తి చేసి, ఆ ఏడాదే ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. అప్పట్లో పత్రికలు, ఉబ్బెత్తు అచ్చుకి ఇంకు పూసి కాగితం మీద నొక్కే లెటర్‌ప్రెస్‌లో అచ్చయ్యేవి. బొమ్మని ఫొటో తీసి, జింకు రేకు మీదకి ఎక్కించి, యాసిడ్‌తో తొలిచి లైను బ్లాకు చేసేవారు. లైను బ్లాకుకి తెలిసినవి రెండే, ఇంకు నలుపు, కాగితం తెలుపు. మధ్యలో బూడిద ఛాయలు కావాలంటే, వాటిని చిన్న చిన్న చుక్కలుగా మార్చే హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. ఆ చుక్కలేమో గరుకు న్యూస్‌ప్రింటు మీద అలుక్కుపోయేవి. పోనీ సన్న గీతలు దగ్గర దగ్గరగా గీసి నీడ చూపిద్దామంటే ఇంకు పాకి ముద్దయిపోయేది. అలాంటి అచ్చులో బొమ్మ బతకాలంటే గీతలు తక్కువుండాలి, గీసిన గీత తడబడకూడదు, నలుపు పెట్టిన చోట నిండుగా పెట్టాలి. ఆయన గీతల్లో మనం అంతగా మెచ్చుకునే పొదుపుకి ఆ అచ్చు యంత్రం కూడా ఒక కారణం. యంత్రం పెట్టిన హద్దుని అందంగా మార్చుకోవడం మాత్రం పూర్తిగా ఆయన ప్రతిభే.

ఇప్పుడు పిల్లలు ఆ పొదుపుని చూసి "నాలుగు గీతలే కదా" అనుకుంటారు. నాలుగు గీతలతో మనిషిని నిలబెట్టాలంటే మిగతా నలభై ఎక్కడ ఉండేవో తెలిసుండాలి. అరుగు మీద గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తున్న రైతునే తీసుకోండి. బరువంతా పాదాల మీద ఉంటుంది. వీపు వంగుతుంది, మోచేతులు మోకాళ్ల మీద ఆనుతాయి, తల కాస్త ముందుకి వస్తుంది. ఇవేవీ లేకపోతే ఆ మనిషి వెనక్కి పడిపోవాలి. పంచె మోకాలి దగ్గర బిగుసుకుని, రెండు కాళ్ల మధ్య వదులుగా జారుతుంది. చెయ్యి తిరిగిన చిత్రకారుడు మోకాలి దగ్గర ఒక బిగువైన గీత, కింద జారే గీత ఒకటి వేసి వదిలేస్తాడు. మిగిలింది చూసేవాడి కన్నే పూర్తి చేసుకుంటుంది. కాపీ చేసే పిల్లాడు కూడా ఆ రెండు గీతల్నీ దింపుతాడు. అవి అక్కడే ఎందుకు ఉన్నాయో తెలియదు కాబట్టి, అదే రైతు లేచి తుండు దులుపుకుంటున్నట్టు వెయ్యమంటే చెయ్యి ఆగిపోతుంది.

సినిమాల్లోకి వెళ్లాక బాపు ఏం చేశారో గుర్తు చేసుకోండి. తీయబోయే షాట్లని ముందే బొమ్మలుగా గీసుకునేవారు. 1967లో వచ్చిన ఆయన మొదటి సినిమా సాక్షిని గోదావరి జిల్లాలో పులిదిండి అనే పల్లెలో తీశారు. ఒక మనిషిని ముందు నుంచి, వెనక నుంచి, చెట్టు పైనుంచి, నేల మట్టం నుంచి చూస్తే ఎలా ఉంటాడో తెలియకుండా అలా షాట్లు గీసుకోవడం ఎవరి వల్లా కాదు. పిల్లలు దింపుతున్నది ఆ జ్ఞానానికి పైన కనబడే అంచుని మాత్రమే.

నా దగ్గరకి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని బాపు బొమ్మలు వేసీ వేసీ, అచ్చం అవే అనిపించేలా తయారయ్యాడు. చుట్టాలందరూ భేష్ అన్నారు. ఒక యానిమేషన్ స్టూడియోలో ఇంటర్వ్యూకి వెళ్తే, మొరాయిస్తున్న ఎద్దుని పలుపు పట్టి లాగుతున్న మనిషిని వెయ్యమన్నారట. వాడికి తెలిసిన ఎద్దు ఒకే ఒక్కటి, బండికి కట్టి పక్కనుంచి కనబడేది. తెలిసిన మగమనిషి ఒకే ఒక్కడు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. గంట సేపు కూర్చుని తెల్ల కాగితం ఇచ్చి వచ్చేశాడు. ఆ రాత్రి వాళ్లమ్మగారు నాకు ఫోన్ చేసి, "వీడికి అసలు విద్యే లేదంటారా మాస్టారూ?" అని ఏడ్చారు. లేకపోవడమేమిటమ్మా, అంత శుభ్రంగా గీత తీసే చెయ్యి ఎందరికి ఉంటుంది? చూడటం ఎవరూ నేర్పలేదు, అంతే.

వాణ్ణి గోదావరి ఒడ్డున కోటిపల్లి రేవుకి పంపించాను. నది దాటించే పంటు ఎక్కడానికి జనం వచ్చే చోట కూర్చుని, బాపుని ఇంట్లో వదిలేసి, కనబడింది కనబడినట్టు గియ్యమన్నాను. మొదట్లో గీసినవి పరమ వికారంగా ఉన్నాయి, ఉండాలి కూడా. గంప నెత్తిన పెట్టుకుని వాలు మీద దిగుతున్నావిడ మెడ ఎంత నిటారుగా ఉంటుందో, అడుగులు ఎంత చిన్నవి పడతాయో కొన్నాళ్లకి పట్టుకున్నాడు. తర్వాత ఒక బొమ్మ తెచ్చాడు. మోటారు సైకిలు పంటు మీదకి ఎక్కిస్తున్న మనిషి, వెనక పట్టుకుని తోస్తున్న ఇద్దరు, దారి ఇవ్వని ఒక మేక. ఆ మేకకి ఎవరి తొందరా పట్టలేదు. నేను చాలాసేపు నవ్వాను. ఆ బొమ్మలో బాపు గీత లేదు, పల్లె ఉంది, హాస్యం ఉంది. ఇప్పుడు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాడు.

మరి బాపు ఎవర్నీ చూసి నేర్చుకోలేదా? ఎందుకు నేర్చుకోలేదు! తమిళ వారపత్రిక ఆనంద వికటన్‌లో గోపులు గారు వేసిన బొమ్మలంటే ఆయనకి గురుభావం. అయినా బాపు బొమ్మని చూసి ఇది గోపులుదేమో అని ఎవరైనా పొరబడ్డారా? కాపీ చెయ్యడం తప్పని నేను అనడం లేదు. ఒక బొమ్మ దింపాక పుస్తకం మూసేసి, అదే మనిషిని వెనకనుంచి వెయ్యండి. తర్వాత కూర్చోబెట్టండి, నెత్తి మీద మోపు పెట్టండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీకు తెలియనిది ఉందని అర్థం. దాన్ని వెతుక్కుంటూ సంతకో రేవుకో వెళ్లండి.

టాబ్లెట్‌లో వేసుకోవడానికి "బాపు బ్రష్" అంటూ ఏవేవో అమ్ముతున్నారని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. డబ్బులు దండగ. ఆ డబ్బుతో కాగితాలు కొనుక్కోండి.

అపోహ: పల్లెలో పుట్టి పెరిగినవాళ్లే పల్లె బొమ్మలు వెయ్యగలరు.

వాస్తవం: బాపు 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు, నిజమే. లా చదువు, ఉద్యోగం, కాపురం, సినిమా ఆఫీసు మాత్రం మద్రాసులో. ధవళేశ్వరంలో పుట్టిన ఆయన ప్రాణస్నేహితుడు ముళ్లపూడి వెంకటరమణ గారూ మద్రాసు మనిషే అయ్యారు. తెలుగువాళ్ల మనసులో ముద్రపడిన గోదావరి పల్లె చాలావరకు మద్రాసులో బల్ల మీద రూపం పోసుకున్నదే. ఇంకో వైపు, పక్కా పల్లెటూరి పిల్లలు నా క్లాసులో ఎద్దు మూపురం మీద కాడి పెట్టేస్తుంటారు. కాడి ఉండేది మూపురానికి ముందు, మెడ మీద. మూపురం వెనక నుంచి అడ్డు పడుతుంది కాబట్టే ఎద్దు బండి లాగగలుగుతుంది. ట్రాక్టర్లు వచ్చాక పుట్టిన పిల్లలు, వాళ్ల తప్పేమీ లేదు. ఊళ్లో ఉండటం వేరు, ఊరిని చూడటం వేరు. హైదరాబాదు అపార్టుమెంటులో పెరిగామని దిగులుపడే పిల్లలు ఆ దిగులు వదిలేసి బస్సెక్కితే చాలు.

అపోహ: హాస్యం అంటే ముక్కు పెద్దది చెయ్యడం, పొట్ట పెంచడం, తాగుబోతుని పడెయ్యడం.

వాస్తవం: అవి చూసి పల్లె జనమే నొచ్చుకుంటారు. నవ్వు సందర్భంలోంచి రావాలి, మనుషులు నిలబడే తీరులోంచి రావాలి. బాపు బొమ్మల్లో పేదవాళ్లూ పిసినారులూ గయ్యాళి అత్తలూ అందరూ ఉంటారు. ఆ మనిషంటే ఆయనకి ఇష్టమనే సంగతి బొమ్మ చూస్తేనే తెలిసిపోతుంది.

అపోహ: ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ లేకపోతే లాభం లేదు. అసలు బొమ్మలు తిండి పెట్టవు.

వాస్తవం: ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే పూట వినిపిస్తాయి. అమ్మానాన్నల టెన్షన్ నాకు అర్థమవుతుంది. నెల జీతం కనబడని పనిలోకి పిల్లల్ని పంపాలంటే ఎవరికైనా గుండె దడే. కాబట్టి బాపు ఎలా బతికారో చూడండి. ఆయన చదివింది లా. దినపత్రికలో ఉద్యోగం చేశారు, యాడ్ ఏజెన్సీల్లో పనిచేశారు. కథలకి బొమ్మలు, పుస్తకాలకి ముఖచిత్రాలు, కార్టూన్లు, పురాణ చిత్రాలు వేశారు. తర్వాత సినిమాలు తీశారు. పద్మశ్రీ వచ్చింది 2013లో, దాదాపు ఎనభయ్యో పడిలో అడుగు పెడుతుండగా. అప్పటిదాకా ఆయన్ని నడిపించింది బిరుదులు కాదు, గడువులోపల అప్పజెప్పిన పని. డిగ్రీ చేయగలిగితే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. చేరితే మంచిదే, మోడల్‌ని కూర్చోబెట్టి గీసే అభ్యాసం దొరుకుతుంది. సీటు రాలేదని మానుకోవాల్సిన పని మాత్రం లేదు. వేరే ఉద్యోగం చేసుకుంటూ రోజూ గీసేవాళ్లు ఈ రంగంలో బోలెడుమంది ఉన్నారు.

అపోహ: ఆయన పోయారు కదా, ఆ బొమ్మల్ని ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: ఈ మాట నమ్మి శుభలేఖల మీద, కప్పుల మీద, చీరల మీద అచ్చేసి అమ్మేవాళ్లు చిక్కుల్లో పడతారు. మన దేశంలో కాపీరైటు చిత్రకారుడి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు. ఆ 60 ఏళ్లని చిత్రకారుడు చనిపోయిన ఏడాది తర్వాత వచ్చే జనవరి నుంచి లెక్కపెడతారు. బాపు 2014 ఆగస్టు 31న పోయారు కాబట్టి 2074 ఆఖరు దాకా ఆ బొమ్మలకి హక్కుదారులు ఉంటారు. ఇంట్లో కూర్చుని అభ్యాసానికి దింపుకుంటే ఎవరూ అడగరు. దాన్ని అమ్మాలంటే అనుమతి కావాలి. కాపీ కింద ఆయన సంతకం కూడా దింపి, ఒరిజినల్ అని చెప్పి అమ్మితే అది మోసం, కేసు పెడతారు. ఆయన ప్రభావంతో మీ సొంత మనుషుల్ని, మీ సొంత ఊరిని వేసుకుని మీ పేరు పెట్టుకోవడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు.